బట్టతల బొమ్మలు

మా వదిన ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అన్నం తింటూ మధ్యలో లేస్తుంది. ఉప్పు కోసం ఒకసారి, కిటికీ మూయడానికి ఒకసారి, ఎందుకు లేచిందో తనకే తెలియక ఇంకోసారి. ఫోన్లో మాట్లాడుతూ ఇల్లంతా చుట్టి వస్తుంది. కూర్చుంటే కాలు ఊపుతుంది, ఆ ఊపుకి బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు కదులుతాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అమ్మ కొన్నాళ్ళు చూసి, "కాలుగాలిన పిల్లిని తెచ్చుకున్నాం" అని తేల్చేసింది. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. అన్నయ్యది నవ్వి ఊరుకునే తత్వం. మా ఇంట్లో ఒక్కరైనా అలాంటివాళ్ళు ఉండాలి కదా.

నేను కారు నడపడం నేర్పుతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ చేతులూ కాళ్ళూ చూస్తూ బతుకుతాను. మనిషి స్టీరింగ్ పట్టుకునే తీరు చూసి ఇంట్లో ఎలా ఉంటాడో చెప్పగలను, పదిలో ఆరుసార్లు తప్పవుతుంది. వదినకు నేర్పాలని ఒక వేసవంతా తంటాలు పడ్డాను. గేరు మార్చమంటే మార్చి, సరిగా పడిందో లేదోనని మళ్ళీ మార్చి, నా మొహం చూసి ఇంకోసారి మార్చేది. అది గేరు వదినా, కూరలో గరిటె కాదు అని అరిచేదాన్ని. మా బంధుత్వం నిలబడాలంటే పాఠాలు ఆపెయ్యడమే మేలని చివరికి ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పట్నుంచి ఆవిడను పనికి దించడం, సాయంత్రం తీసుకురావడం నా వంతయింది. అందుకే ఆవిడ కథ నాకు ఇంట్లోవాళ్ళ కంటే ఎక్కువ తెలుసు. కారులో పారిపోవడానికి చోటుండదు, మనిషి మాట్లాడక తప్పదు.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, చీకటి గదిలో కదలకుండా కూర్చుని కంటికి ఆనని ప్రాణుల్ని కొలవడం. దేవుడికి వేళాకోళం ఎక్కువ.

అది పశువుల జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబ్. ఏ బ్యాక్టీరియాకి ఎంత సోకే గుణముందో తేల్చడం వదిన పని. నాకు తలకెక్కినంత చెబుతాను. అరచేతంత ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది, దాన్నిండా వరసలుగా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంట అడుగున పేగుల కణాల్ని పెంచుతారు. అవి ఒకదాన్నొకటి ఆనుకుని చాపలా పరుచుకుంటాయి. వాటి మీద బ్యాక్టీరియాని వదులుతారు. కాసేపాగి, కణాల్లోకి దూరలేక బయటే తచ్చాడుతున్నవాటిని చంపడానికి మందు పోస్తారు. ఆ తర్వాత కడిగి, రంగులు వేస్తారు. కణాల నడుమ ఉండే గింజలు, అదే కేంద్రకాలు, నీలంగా, లోపల దూరిన బ్యాక్టీరియా ఎర్రగా మెరుస్తాయి. కెమెరా ఉన్న మైక్రోస్కోపు ఒక్కో గుంటలో అక్కడో బొమ్మ ఇక్కడో బొమ్మ తీస్తుంది. నీలం చుక్కలెన్ని, వాటిలో ఎరుపు దూరినవి ఎన్ని అని కంప్యూటర్ లెక్కపెడుతుంది. నూటికి ఇన్ని కణాలకు సోకింది అనే ఒక్క అంకె కోసమే ఈ తతంగమంతా. ల్యాబ్‌లో వాటిని ఇమేజ్‌లంటారు. వదిన ఇంట్లో చెప్పేటప్పుడు బొమ్మలంటుంది.

ఆ మైక్రోస్కోపు బల్ల ఏ కాస్త అదిరినా బొమ్మ చెదురుతుంది. వదిన చేరిన మొదట్లోనే ఎవరో ఆ గదిలో కాగితం అంటించారు, కాళ్ళు ఊపరాదు అని. ఆ గదిలో కాలు ఊపేది ఒక్క మనిషే కాబట్టి పేరు రాయలేదు.

కాలు సంగతి ఎలాగో సర్దుకున్నారు గానీ చెయ్యి దగ్గరే వచ్చింది చిక్కు. ఆ పనిలో అన్నిటికన్నా సున్నితమైనది కడగడమట. నీళ్ళు గుంట గోడ వెంబడి మెల్లగా జారాలి. నేరుగా మీద పడితే అడుగున అతుక్కున్న కణాలు చెక్కులా లేచిపోతాయి. లేచిపోయిన చోట బొమ్మలో నీలం ఉండదు, నల్లటి ఖాళీ కనిపిస్తుంది. దానికి ల్యాబ్‌వాళ్ళు బట్టతల అని పేరు పెట్టుకున్నారు. ఈ ప్లేటుకి బట్టతలొచ్చింది, ఎవరు కడిగారు అని అడిగేవాళ్ళు. ఆ అడగడం మర్యాద కోసమే, కడిగేది వదినేనని అందరికీ తెలుసు.

మొదట్లో ఆవిడ తప్పంతా నీళ్ళు వదిలే గొట్టం, పిపెట్ మీదికి నెట్టింది. పిపెట్ మార్చారు. తర్వాత ప్లేట్ల మీదికి నెట్టింది. ప్లేట్లు కూడా మార్చారు. ఆడలేక మద్దెల ఓడు అని మా అమ్మ మూతి విరిచింది. మొరటు చెయ్యి అనే మాట ల్యాబ్‌లో మొదట ఎవరన్నారో తెలియదు, ఆవిడ చెవిన పడేసరికి అది పాతబడిన మాటే. ఆ రోజు కారెక్కి, సీటు బెల్టు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, "నా చెయ్యి మొరటుదా?" అని నన్నడిగింది. నేను గేరు గురించి గుర్తుచేశాను.

ఆవిడది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. చెయ్యి మంచిది కాదన్న పేరుతో ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పడటం ఎంత కష్టమో ఆవిడకు తెలుసు. అయినా ఉద్యోగం కంటే ఆ పేరే ఆవిడను ఎక్కువ తినేసింది. ఇంట్లో చేతులు ముందుకు చాపి, వేళ్ళు వణుకుతున్నాయేమో చూసుకునేది. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు కూడా అంచు వెంబడి మెల్లగా జార్చేది. దాహంతో ఎదురుచూసేవాళ్ళకు ప్రాణం పోయేది.

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో అందరూ ఆశ పెట్టుకున్న సంగతి చెప్పాలి. దూడలకు విరేచనాలు పట్టించి చంపే బ్యాక్టీరియా ఒకటుంది. దాన్ని వాళ్ళు రౌడీ అంటారు. దాంట్లోంచి ఒక జన్యువును తీసేసి తయారుచేసిన రకం ఇంకోటుంది. అది సాధువు. సాధువును కణాల మీద వదిలితే రౌడీ సోకినన్నిటిలో పదోవంతుకైనా సోకదు. అంత నెమ్మదైనదాన్ని దూడలకు చుక్కగా పట్టిస్తే, జబ్బు రాకుండానే రౌడీని ఎదుర్కొనే శక్తి వస్తుందని వాళ్ళ ఆలోచన. సాధువు మీద డాక్టరేటు చేస్తున్నది ఒక పిల్ల. మనిషి నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి మా వదిన పొడుగుపిల్ల అంటుంది. ల్యాబ్ పెద్ద ఒకావిడ, అందరికీ మేడమ్. సాధువు నెమ్మదైనదని చెప్పిన అంకెలన్నీ వదిన తీసినవే. ఆ అంకెలు చూసే మేడమ్ దూడల్ని తెప్పించింది. ల్యాబ్ వెనక షెడ్డులో కట్టారు. సాయంత్రాలు వదిన ఆలస్యం చేసినప్పుడు నేను అటు వెళ్ళి నిలబడేదాన్ని. చెవులకు పసుపు బిళ్ళలు, ముక్కులు తడిగా. కంచెలోంచి మూతి బయటపెట్టి నా కారు తాళాలు నాకబోయేవి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మా వదిన. బట్టతల బొమ్మలు ఎవరి కంటా పడకుండా ఆవిడే ఒక ఉపాయం చేసింది. లెక్కపెట్టే ప్రోగ్రాంలో ఒక నియమం రాసింది. బొమ్మలో పావువంతు కంటే ఎక్కువ ఖాళీ ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకుండా వేరే ఫోల్డర్లోకి తోసెయ్యాలి. విడతకొకటిగా తయారయ్యే ఆ ఫోల్డర్‌కి 'పక్కన' అని పేరు పెట్టింది. ఇందులో దొంగతనమేమీ లేదు, మేడమ్‌కి చెప్పే చేసింది. ఖాళీ బొమ్మలో లెక్కపెట్టడానికి ఏముంటుంది, మంచి పనే అని మేడమ్ కూడా మెచ్చుకుంది. బొమ్మలు అందంగా వచ్చాయి. ఏ రోజు చేసినా ఒకే అంకె వచ్చింది. పొడుగుపిల్ల ఆ బొమ్మల్ని పెద్దవి చేయించి గోడకు పెట్టుకుంది. నా చెయ్యి చేసిన తప్పును నా బుర్ర దిద్దింది అని వదిన గర్వంగా చెప్పుకుంది. నేనూ శభాష్ అన్నాను.

రెండేళ్ళు అలా గడిచాయి. ఈ ఏడాది మేడమ్ ప్లేట్లు కడిగే మెషిన్ కొన్నది. దూడల ప్రయోగానికి ముందు ఆఖరి విడత కొలతలు దానితోనే చెయ్యాలంది. వదిన మొహం చూడాలి ఆ రోజు. అన్నయ్య రెండో పెళ్ళి చేసుకుని పిల్లను వెంటబెట్టుకొచ్చినా అంత బాధపడేది కాదేమో. ఆ మెషిన్ ఎలా కడుగుతుందో ఒక పక్క తిడుతూనే, ఇంకో పక్క దాని సన్నటి గొట్టాలు గుంట గోడకు ఎలా ఆనుకుంటాయో చేత్తో చేసి చూపించేది. దాని పనితనం ఆవిడకు నచ్చింది, అదే అసలు బాధ.

బాధలో భయం కూడా ఉంది. మెషిన్ కడిగిన విడతకు 'పక్కన' ఫోల్డర్ ఖాళీగా ఉంటే? ఇన్నాళ్ళూ బట్టతలలన్నీ ఆవిడ చేతివేనని రుజువైపోతుంది. కాగితం పొడిగించే సమయం కూడా దగ్గరపడింది. ఆ ఫోల్డర్ తెరవాలని, తెరవకూడదని ఆవిడ పడ్డ అవస్థ నేను చూశాను. మింగలేక కక్కలేక అంటారే, అదే. ఇంట్లో ఏ పనీ పూర్తిచేసేది కాదు. చీపురు సగం గదిలో వదిలేసేది, స్టవ్ మీద పాలు పెట్టి బాల్కనీలోకి పోయేది. అన్నయ్య వెనకాలే తిరిగి ఒక్కోటీ పూర్తి చేసేవాడు. "తెరిచెయ్ వదినా, ఏదో ఒకటి తేలిపోతుంది" అని నేను రోజూ పోరేదాన్ని. నాకు ఓపిక తక్కువ.

ఒక సాయంత్రం ఆవిడ గేటు దాటి పరిగెత్తుకుంటూ వచ్చింది. చున్నీ ఒక పక్క, బ్యాగు ఒక పక్క. కారెక్కకముందే కిటికీలో తలపెట్టి, "నిండుగా ఉంది" అంది. నాకు అర్థం కాలేదు. "ఫోల్డర్ నిండుగా ఉంది. మెషిన్ కడిగినా బట్టతలలు వస్తున్నాయి. నా చెయ్యి కాదు." అంటూనే ఏడ్చింది, నవ్వింది, నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. ఆ దెబ్బ మాత్రం మొరటుగానే ఉంది. నాకు నిజంగా సంతోషమేసింది. దారిపొడుగునా హారన్ కొట్టుకుంటూ వచ్చాను, అలా కొట్టినందుకు నా దగ్గర నేర్చుకునేవాళ్ళనైతే చీవాట్లు పెట్టేదాన్ని.

ఇంట్లో ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. వంటింట్లో ఒకసారి, హాల్లో ఒకసారి, అదే కథ మొదట్నుంచీ చెప్పింది. మొరటు చెయ్యి అన్నవాళ్ళందరి దగ్గరికీ రేపు వెళ్ళి చెయ్యి చూపించి వస్తానంది. అన్నయ్య ఆ చెయ్యి పట్టుకుని చూసి, ఇది నాకెప్పుడూ మెత్తగానే తగిలింది అన్నాడు. అన్నయ్య అంత మాట్లాడటం మేం ఎన్నాళ్ళకో విన్నాం. భోజనాల దగ్గర మా అమ్మ, ఆవిడకు వడ్డిస్తూ, మాటవరసకు అడిగింది.

"మంచిదే అమ్మాయ్. మరి నువ్వూ కాక, మెషినూ కాక, వాటిని ఎవరు పీకుతున్నట్టు?"

వదిన ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. తర్వాత అది ప్లేట్లోకి దిగిపోయింది. ఎవరో ఏదో జోకు వేశారు, నేనే అనుకుంటా, ఆవిడ వినలేదు. లేచి చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ల్యాబ్ బొమ్మలు ఇంటి నుంచి కూడా చూసుకోవచ్చు. కాసేపటికి నన్ను పిలిచి చూపించింది. సంతోషంలో ఆవిడ ఫోల్డర్ నిండుగా ఉందా లేదా అన్నదే చూసింది, ఏ గుంటల బొమ్మలున్నాయో చూడలేదు. మెషిన్ కడిగిన విడతలో అన్నీ సాధువు గుంటలవే. రౌడీది ఒక్కటీ లేదు. బ్యాక్టీరియా వెయ్యని మామూలు గుంటలది కూడా ఒక్కటీ లేదు.

"దానివల్లే చస్తున్నాయి" అంది వదిన. "సాధువు దూరిన కణం చచ్చిపోయి అడుగునుంచి ఊడిపోతోంది. కడిగితే కొట్టుకుపోతోంది. మిగిలేవి సోకనివే. మేం వాటిని లెక్కపెట్టి, చూశారా, ఎంత తక్కువ సోకిందో అంటున్నాం."

మేకవన్నె పులి అన్నాను నేను. ఆవిడ తల ఊపింది. తర్వాత ఆవిడ చెప్పిన మాటకు నా నవ్వు పోయింది. ఖాళీలున్న బొమ్మలు ఎవరైనా చూసి ఉంటే ఎప్పుడో అనుమానం వచ్చేది. చూడనివ్వకుండా పక్కకు తోసేసింది ఆవిడ నియమమే. చెయ్యి తప్పు కాదని నిరూపించాలంటే, రెండేళ్ళుగా ఇచ్చిన అంకెలన్నీ తప్పని చెప్పాలి. ఊరుకుంటే వచ్చే వారం దూడలకు చుక్కలు వేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆవిడ మాత్రం తెల్లవారగానే బండి తియ్యమంది.

మేడమ్ ఎలా తీసుకుందో సాయంత్రం కారులో చెప్పింది. కోప్పడలేదట. బొమ్మలు చూసి, కుర్చీలో వెనక్కి వాలి, ఈ నియమానికి నేను కూడా సరేనన్నాను కదా అందట. దూడల్లో కూడా అలాగే చంపుతుందని దీన్నిబట్టి చెప్పలేం, కానీ చంపదని చెప్పిన అంకె ఇక మన దగ్గర లేదు అందట. ముందు ఒక ప్లేటు కొత్తగా పెట్టి, మెషిన్‌తో కడిగి, సంగతి ఖాయం చేసుకోమంది. ఖాయమైతే దూడల ప్రయోగం ఆపేస్తారు. పొడుగుపిల్ల అప్పటికే గుడ్లనీళ్ళు కుక్కుకుంది. ఆ పిల్లకు మేడమ్ ఒక దారి చూపించింది. పాత బొమ్మలన్నీ 'పక్కన' ఫోల్డర్లలో భద్రంగానే ఉన్నాయి కదా. వాటిని బయటికి తీసి, ఈసారి ఖాళీలను కూడా కొలిస్తే సరి. సాధువు ఎంత సోకిందో కాక ఎంత చంపిందో రాస్తే, అదీ ఒక గొప్ప సంగతే. డాక్టరేటు ఒకటి రెండు నెలలు ఆలస్యమవుతుంది, అంతే. పిల్ల మొహం విప్పారిందట. వదినను అక్కా అని కావలించుకుందట.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది.

కానీ మేడమ్ అడిగింది ఒక ప్లేటు. వదిన రెండు పెట్టింది. ఒకటి మెషిన్ కడిగింది. రెండోది, ఎవరికీ చెప్పకుండా, ఆవిడే తన చేత్తో కడిగింది.

బొమ్మలు చూసే రోజు నన్ను కూడా లోపలికి రమ్మంది. పక్కన మనిషుంటే కాలు ఊపకుండా ఉంటానని సాకు. అది కంప్యూటర్లుండే గది, బయటివాళ్ళు రావచ్చు, మెడలో చీటీ ఒకటి వేసుకోవాలంతే. గోడలకు నల్లరంగు, ఒక మూల ఫ్యాను చప్పుడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. వదిన కూర్చుంది, లేచింది, తెర వెలుతురు తగ్గించింది, మళ్ళీ పెంచింది.

ముందు మెషిన్ ప్లేటు తెరిచింది. మామూలు గుంటలో నీలం చుక్కలు ఈ చివరనుంచి ఆ చివరదాకా, సందు లేదు. రౌడీ గుంటలోనూ అంతే, మధ్యమధ్య ఎరుపు. సాధువు గుంటలో నల్లటి ఖాళీలు. అనుకున్నట్టే వచ్చింది. వదిన ఊపిరి వదిలి నా వంక చూసింది. ఇక రెండోది నా కోసం అంది.

రెండో ప్లేటులో మొదట తెరిచింది మామూలు గుంటనే. బ్యాక్టీరియా వాసన కూడా సోకని గుంట. దాంట్లో నడుమ బట్టతల.

పక్కది తెరిచింది. అందులోనూ ఉంది. రౌడీ గుంటలు తెరిచింది, అక్కడక్కడా ఖాళీలే. సాధువు గుంటల్లో ఖాళీలు ఇంకాస్త ఎక్కువ. ఆవిడ ఒక్కోటీ తెరుస్తూ పోయింది. ఇన్నాళ్ళూ వేళాకోళం చేసిన మాట ఎదురుగా తెర మీద కూర్చుంది.

"అయితే నేను కూడా" అంది చివరికి.

నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, మిగతాది చెప్పింది. ఆవిడ చెయ్యి అన్ని గుంటల్లోనూ కాస్త కాస్త పీకింది. అందుకే సాధువు పీకింది విడిగా కనపడలేదు. పాత 'పక్కన' ఫోల్డర్లలో రౌడీ బొమ్మలూ, మామూలు బొమ్మలూ కూడా కలిసే ఉంటాయి, వాటిని ఆవిడ ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఇప్పుడా పాత బొమ్మల్లో ఏ ఖాళీ సాధువుదో, ఏ ఖాళీ తన చేతిదో ఎవరూ చెప్పలేరు. మేడమ్ చూపించిన దారి మూసుకుపోయింది. పొడుగుపిల్ల మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి.

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. దూడల ప్రయోగం ఆగడానికి మెషిన్ ప్లేటు ఒక్కటి చాలు. మేడమ్ అడిగింది అదే. ఈ రెండోది ఆవిడ సొంతానికి చేసుకున్నది, దాని సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాటే అన్నాను. ఆ పిల్ల బతుకు కూడా చూడు వదినా అన్నాను. ఆవిడ నా వంక చూసింది. లేచి, రెండు ప్లేట్ల బొమ్మలూ తీసుకుని, మీటింగు గదికి వెళ్ళింది.

ఆ గదికి గాజు గోడ. నేను వరండాలో ఈ చివరనుంచి ఆ చివరకు తిరుగుతూ చూశాను, వినపడలేదు. మేడమ్ తెర దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. పొడుగుపిల్ల మొదట నవ్వుతూనే ఉంది. రెండో ప్లేటు బొమ్మలు వచ్చాక ముందుకు వంగింది. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. వదిన మాట్లాడుతూనే ఉంది, చేతులు గాలిలో కడుగుతున్నట్టు చూపిస్తూ, నీళ్ళు ఎక్కడ పడ్డాయో చూపిస్తూ. వరండాలో పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళారు. లోపలికి పోయి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చెయ్యాలనిపించింది.

దూడల ప్రయోగం ఆ రోజే ఆగిపోయింది. వదిన ఉద్యోగం పోలేదు. కొలతలన్నీ మళ్ళీ చెయ్యడానికి మనిషి కావాలి కాబట్టి కాగితం మీద సంతకం పెడతానని మేడమ్ చెప్పింది, ఇక ప్లేట్లు మాత్రం నువ్వు కడగొద్దని కూడా చెప్పింది. ఎంత మెత్తగా చెప్పినా ఆ మాట ఆ మాటే.

అందరూ వెళ్ళిపోయాక, మేం వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే, పొడుగుపిల్ల బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని దాటి పోబోయి, ఆగి, వదిన వైపు తిరిగింది. గొంతులో తిట్టు లేదు. అలసట ఉంది.

"అక్కా, నిన్నెవరూ అడగలేదు కదా. ఆ రెండో ప్లేటు ఎందుకు కడిగావు?"

అబద్ధం చెప్పడానికి చాలా దారులున్నాయి, నాకే రెండు మూడు తట్టాయి.

"నా చెయ్యి మంచిదని మీ అందరికీ చూపిద్దామని" అంది వదిన.

పిల్ల వచ్చి వదిన పక్కన బెంచీ మీద కూర్చుంది. ఎవరూ లేవలేదు, వదిన కూడా.